బామ్మకి వత్తులు వచ్చు, మరి కెమెరా?

[తెర మీద: పత్తి నుంచి వత్తులు చేస్తున్న పెద్దావిడ వేళ్లు]

కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట కావాలి. బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. అయినా చాలా ఇళ్లల్లో బామ్మ ఒప్పుకోదు. దసరా వెళ్లగానే పత్తి ముందేసుకుని కూర్చుంటుంది. కళ్లు సీరియల్ మీద ఉంటాయి, వేళ్లు మాత్రం ఆగవు.

ఆ పని ఆమెకి మంచిదేనా? మంచిదే. వేళ్లు కదులుతాయి, పొద్దు గడుస్తుంది, ఇంట్లో తన పని తనకుందన్న ధీమా ఉంటుంది. కానీ చూడకుండా చేసేయగలిగే పనికి మెదడు పెద్దగా కష్టపడక్కర్లేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

[తెర మీద: రంగురంగుల గుడ్డ ముక్కలు, సగం కుట్టిన బొంత, పక్కన కెమెరా]

కొత్త పని నేర్చుకుంటే పెద్దవాళ్ల మెదడుకి మేలా అన్నదాన్ని అమెరికాలోని డల్లాస్‌లో డెనిస్ పార్క్ అనే సైకాలజిస్ట్ బృందం పరీక్షించి చూసింది. 60 నుంచి 90 ఏళ్ల వయసున్న 221 మందిని గుంపులుగా విడదీశారు. కొందరికి బొంతలు కుట్టడం నేర్పారు. కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ, తీసిన ఫోటోల్ని కంప్యూటర్లో దిద్దుకోవడం నేర్పారు. ఇంకొందరికి రెండూ. వారానికి సుమారు 15 గంటలు, మూడు నెలల పాటు. మరో గుంపు మాత్రం కలిసి కబుర్లు చెప్పుకుంటూ, సరదాగా తిరుగుతూ గడిపింది. వాళ్లకి కొత్తగా నేర్చుకునే పనేమీ పెట్టలేదు.

2014లో ఫలితాలు అచ్చయ్యాయి. కొత్త పని నేర్చుకున్నవాళ్లకి జ్ఞాపకశక్తి మెరుగైంది. అయితే అది బాగా కనిపించింది ఫోటోగ్రఫీ నేర్చుకున్నవాళ్లలో. ఒక్క బొంతలే కుట్టినవాళ్లలో అంత స్పష్టంగా లేదు. కుట్టుపనంటే ప్రాణం పెట్టే నాకు ఈ మాట చెప్పడం కాస్త కష్టంగానే ఉంది! కబుర్ల గుంపుకి సరదా దక్కింది కానీ, జ్ఞాపకశక్తిలో ఆ లాభం రాలేదు.

అలాగని ఇది మతిమరుపు జబ్బుకి మందు అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి.

లాభమంతా కొత్తది నేర్చుకోవడంలోనే ఉంది కాబట్టి, ఏం నేర్పాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. నరసాపురం వైపు చాలామంది పెద్దవాళ్లకి లేసు అల్లిక చిన్నప్పటి నుంచీ చేతిలో పని. వాళ్లకి క్రోషా సూది ఇస్తే కొత్తేముంది? ఫోన్ కెమెరా ఇవ్వండి. ఎప్పుడూ అల్లిక ముట్టనివాళ్లకైతే ఆ క్రోషానే కొత్త.

[తెర మీద: సూది, ఊలు దారాలు, మెల్లగా బ్రష్, రంగులు]

"చేతులు సహకరించొద్దూ?" అంటారా? న్యూయార్క్ రాష్ట్రంలో అన్నా మేరీ మోసెస్ అనే రైతు కుటుంబపు ఆవిడ ఊలుతో బొమ్మలు కుట్టేది. కీళ్ల నొప్పులతో సూది పట్టడం కష్టమైతే, బొమ్మలు వేయడం తేలికని వాళ్ల చెల్లెలు చెప్పింది. డెబ్బై దాటాక బ్రష్ పట్టింది. 1938లో మందుల షాపు అద్దాల వెనక పెట్టిన ఆమె బొమ్మలు, చిత్రాలు సేకరించే ఒకాయన కంట పడ్డాయి. గ్రాండ్‌మా మోసెస్‌గా పేరు మోగిపోయింది. 1961లో, 101 ఏళ్లకి కన్నుమూసింది.

[తెర మీద: కిటికీ పక్కన కుర్చీ, లావు ఊలు ఉండ]

మీ ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు లావు ఊలు, లావు క్రోషా సూది కొనండి, పట్టు దొరుకుతుంది. పగటి వెలుతురులో కూర్చోబెట్టండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి.

మొదటి వారం అల్లింది అల్లినట్టే విప్పాల్సి వస్తుంది. విసుక్కుంటుంది, "నా వల్ల కాదురా" అంటుంది. అప్పుడు మాత్రం "ఇలా ఇవ్వు బామ్మా" అని లాక్కుని మీరు అల్లేయకండి. విప్పి, మళ్లీ లెక్కపెట్టుకునేటప్పుడే కదా ఆవిడ మెదడుకి అసలు పని!