అచ్చుకి కాగితమంత కోత

అందరికీ నమస్కారం. ఏప్రిల్ వచ్చినా మన మిన్నెసోటాలో చెరువుల మీద మంచు ఇంకా పూర్తిగా వదల్లేదు. వాలై అనే చేపని పట్టే సీజన్ తెరిచేది మే నెలలో. ఈలోపు చేతులు ఊరుకోవు కాబట్టి చేపల పిచ్చి ఉన్న మనవాళ్లమంతా ఇలా కలిశాం. నన్ను జిగ్ హెడ్ల గురించి మాట్లాడమన్నారు. అందులోనూ, కొన్న అచ్చుని కోసి మనకి కావలసిన గాలానికి సరిపెట్టుకోవడం గురించి.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. జిగ్ హెడ్ అంటే గాలం మెడ చుట్టూ పోతపోసిన సీసం గుండు. వెనకాల రబ్బరు పురుగు తొడుగుతాం. దారానికి విడిగా బరువు కట్టే పని లేదు. మా ఊరు గోదావరి పాయ పక్కన. అక్కడ విసురువల అంచంతా సీసం గుళ్లు ఉండేవి. ఒకటి ఊడిపోతే మా పెదనాన్న కొత్తది పెట్టి పళ్లతో నొక్కి బిగించేవాడు. సీసం విషమని తెలిశాక ఆ దృశ్యం తలుచుకుంటే నాకు పళ్లు జివ్వుమంటాయి.

ఇదిగో, ఇది అచ్చు. లోపలివైపు సీసం పోసే గుంటలు చెక్కిన రెండు అల్యూమినియం పలకలు, మధ్యలో కీలు, పట్టుకోవడానికి కర్ర పిడులు. పక్కనే అయోవాలో డెనిసన్ అనే ఊరుంది, డూ-ఇట్ కంపెనీ వాళ్లది అక్కడే. ఈ దేశంలో ఇంట్లో పోతపోసేవాళ్లలో చాలామంది చేతిలో వాళ్ల అచ్చే ఉంటుంది. ప్రతి గుంట పక్కన బరువు చెక్కి ఉంటుంది, ఏ గాలం పెట్టాలో కూడా వాళ్లే చెబుతారు. తిరకాసంతా అక్కడే. అచ్చు చేసినవాళ్లు అనుకున్న గాలం ఒకటి, మనకి కావలసింది ఇంకొకటి. నా పావు ఔన్సు గుంట సన్నటి తీగతో చేసిన 1/0 గాలానికి సరిపోతుంది. రాళ్ల మధ్య పెద్ద వాలై పడితే ఆ తీగ సాగిపోతోంది. నాకు కాస్త లావు తీగతో 2/0 కావాలి. (గాలం నంబర్ల లెక్క వింతగా ఉంటుంది. 6 కన్నా 4 పెద్దది, 4 కన్నా 2 పెద్దది. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0 అని పెరుగుతుంది. మా అబ్బాయికి ఇది చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.)

మొదటిసారి నేనేం చేశానో చెబుతాను. కొత్త గాలం పెట్టాను, అచ్చు మూతపడలేదు. డ్రెమెల్, అంటే ములికి గిర్రున తిరిగి లోహాన్ని కోసే చేతి మిషను తీసి, తీగ పడుకునే గాడిని కంటి అంచనాతో రెండు వైపులా దున్నేశాను. మూత హాయిగా పడింది. పోత పోశాను. తెరిచి చూస్తే సీసం గుండు దగ్గర ఆగకుండా గాలం కాడ వెంట వంపు దాకా కారింది, పసిపిల్లాడు చొంగ కార్చినట్టు. ఆ గుంట ఇప్పటికీ అలాగే ఉంది, బల్ల మీద పెట్టాను, చూడండి. తీసేసిన అల్యూమినియం మళ్లీ రాదు. వేడికి తట్టుకునే ఎపాక్సీతో పూడ్చి చూశాను. పది పోతలు ఆగింది, పదకొండోదానికి పెచ్చులా గుండుతో పాటే ఊడొచ్చింది.

నేను చేసిన తప్పు లెక్క చూసుకోకపోవడం. పాత తీగ మందం 1 మిల్లీమీటరు, కొత్తది 1.2 అనుకోండి. తేడా 0.2. గాడి రెండు పలకల్లో సగం సగం ఉంటుంది కాబట్టి ఒక్కో పలకలో తీయాల్సింది 0.1 మిల్లీమీటరు. అంటే ప్రింటర్‌లో పెట్టే కాగితం మందం. దానికి నేను నాగలి కట్టాను!

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. గుంట చుట్టుపక్కలంతా పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూస్తాను. గాలం పెట్టి, అచ్చు మూసి, పిడుల్ని మెత్తగా ఒక్కసారి నొక్కి తెరుస్తాను. గట్టిగా నొక్కితే గాలమే పలకలో గాటు పెడుతుంది, జాగ్రత్త. తీగ ఎక్కడ రాసుకుందో అక్కడ నలుపు పోయి అల్యూమినియం తళుక్కుమంటుంది. కోత ఆ మెరుపు ఉన్నచోటే. అతి చిన్న గుండు ములికి, తక్కువ వేగం, రెండు మూడు సార్లు అలా రాయడం, అంతే. అల్యూమినియం మెత్తటి లోహం, ములికికి అంటుకుని పళ్లు పూడుకుపోతాయి. మధ్యమధ్యలో ములికిని కొవ్వొత్తికి ఆనిస్తే అంటుకోదు. మళ్లీ నలుపు, మళ్లీ మూత, మళ్లీ మెరుపు. ఒక గుంటకి నాకు పన్నెండు, పదిహేను సార్లు పడుతుంది. ఒక సాయంత్రం అయిపోతుంది. మూసిన అచ్చుని లైటుకి ఎదురుగా పట్టుకుంటే పలకల సందులోంచి వెలుతురు రాకూడదు. వస్తే ఇంకా ఉందన్నమాట. గాలం పెట్టాక అది కదలకూడదు. కదిలితే ఎక్కువైందన్నమాట, నా మొదటి గుంటలాగా.

దారం కట్టే కన్ను దగ్గర మాత్రం కొంచెం ఉదారంగా ఉండొచ్చు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అక్కడ ఎక్కువ తీస్తే కన్ను సీసంతో పూడుకుపోతుంది. చెరువు మధ్యలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, పిన్నీసుతో ఆ కన్ను పొడుచుకోవడం ఎంత నరకమో పడవలో ఉన్నవాడికే తెలుస్తుంది. నాచు తగలకుండా పెట్టే కుచ్చుకి రంధ్రం కావాలంటే పోతలోనే పిన్ను పెట్టే గాడి తీసుకోవచ్చు. పద్ధతి అదే, నలుపు, మెరుపు.

గుంటనే పెద్దది చేసి బరువు పెంచుదామనుకునేవాళ్లకి ఇంకో లెక్క. ఎనిమిదో వంతు ఔన్సు సీసం గుండు అడ్డుకొలత దాదాపు 8.4 మిల్లీమీటర్లు. పావు ఔన్సుది 10.6. బరువు రెట్టింపైనా పెరిగింది 2.2 మిల్లీమీటర్లే. అంటే చుట్టూతా 1.1 మిల్లీమీటరు కోత. చెయ్యి కాస్త జారిందంటే ఇంకో సైజు తయారైనట్టే. అందుకే గుంట జోలికి నేను వెళ్లేవాణ్ణి కాదు. ఈమధ్య వెళ్లాల్సి వచ్చింది, సీసం బదులు పోసే బిస్మత్ అనే లోహం వల్ల.

మన రాష్ట్ర పక్షి లూన్. అది అరుగుదల కోసం చెరువు అడుగున గులకరాళ్లు మింగుతుంది. రాయనుకుని తెగిపోయిన జిగ్ మింగినా, జిగ్ ఇరుక్కున్న చేపని మింగినా సీసం కడుపులో అరుగుతుంది. ఒక్క జిగ్ చాలు దాన్ని చంపడానికి. మసాచుసెట్స్‌లో 2012 నుంచి సముద్రం కాకుండా చెరువులు, నదుల్లాంటి నీళ్లలో ఔన్సు లోపు సీసం జిగ్గులు వాడకూడదు. న్యూ హాంప్‌షైర్‌లో ఔన్సు దాకా నిషేధం, అమ్మడం కూడా కుదరదు. మిన్నెసోటాలో రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం లేదు, మానమని చెప్పడం వరకే. నేను చెరువుకి తీసుకెళ్లేవి మాత్రం బిస్మత్‌వే.

బిస్మత్ 271 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, సీసానికి 327 కావాలి. కానీ సీసం సాంద్రత 11.34 అయితే దీనిది 9.78. సీసానికి పావు ఔన్సు, అంటే 7.1 గ్రాములు ఇచ్చే గుంటలో బిస్మత్ 6.1 గ్రాములే వస్తుంది. లోతు నీళ్లలో ఆ ఒక్క గ్రాము తేడా చేతికి తెలుస్తుంది. అడ్డుకొలత 5 శాతం పెంచితే సరిపోతుంది. చుట్టూతా పావు మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. ఇంకో పేచీ ఏంటంటే బిస్మత్ గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోకుండా ఉబ్బుతుంది. కోతలో ఎక్కడైనా గరుకు మిగిలితే అక్కడే పట్టుకుంటుంది. లాగితే పెళుసు కాబట్టి విరుగుతుంది. సన్నటి ఎమరీ కాగితంతో గుంట నున్నగా చేశాకే పోయండి. ఖరీదా? అది అడక్కండి.

పోత గురించి కొంచెమే చెబుతాను. అచ్చు చల్లగా ఉంటే లోహం సగంలో గడ్డకడుతుంది. ముందు వేడి చేసుకోండి, గుంటకి కొవ్వొత్తి మసి పట్టించండి. పాత కారు చక్రాల బరువులు కరిగించేవాళ్లు వాటిలో జింక్‌వి ఉంటాయని గుర్తుంచుకోండి. జింక్ 419 డిగ్రీల దాకా కరగదు. దాన్ని మించి వేడి చేస్తే సీసంలో కలిసిపోయి పోతంతా పాడవుతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది నీళ్లకి. ఒక మార్చి పొద్దున, గడ్డకట్టిన గరాజులో రాత్రంతా పడున్న గరిటె తీసి అలాగే కరిగిన సీసంలో ముంచాను. దాని మీద పొగమంచంత చెమ్మ ఉంది, నేను చూడలేదు. టప్‌మని ఒక్క చప్పుడు. నీరు ఒక్క క్షణంలో ఆవిరై సీసాన్ని పైకి ఎగజిమ్మింది. కళ్లజోడు ఉంది కాబట్టి ఈరోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. గరాజు కప్పు మీద ఆ మచ్చ ఇంకా ఉంది, మా ఆవిడ దానికి రంగు వేయనివ్వలేదు. అప్పట్నుంచి గరిటె, అచ్చు, సీసం దిమ్మ, ఏదైనా సరే ముందు వేడి చేసి ఆరబెట్టాకే కుండ దగ్గరికి తెస్తాను.

వంటింట్లో మాత్రం వద్దు. వంటగిన్నె అసలే వద్దు, తర్వాత ఎంత తోమినా సరే. పిల్లలకి సీసం ఇంత దాకా ఫర్వాలేదు అనే హద్దే లేదని ఈ దేశపు ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పొగ కన్నా మోసం చేసేది పైన తేలే బూడిద, చేతికి అంటుకునే మడ్డి, చొక్కాకి పట్టే దుమ్ము. నేను గరాజు తలుపు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకుంటాను. ఆ పనికి వేరే చొక్కా ఉంది, అది ఇంట్లోకి రాదు.

అచ్చులూ మార్కర్లూ బల్ల మీద ఉన్నాయి. ముందు వరసవాళ్లు వచ్చి ఒక్కో గాలం పెట్టి, మెరుపు ఎక్కడ పడుతుందో మీరే చూడండి. సమోసాలు వచ్చాయంటున్నారు. అచ్చు ముట్టుకున్నవాళ్లు ముందు ఆ మూల సింకు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని రండి.