ముఖంలో షాక్ కొట్టే నొప్పి

శ్రోతలందరికీ నమస్కారం. నేను గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడుపుతాను. ఇరవై ఏళ్లకు పైగా కౌంటర్ దగ్గర నిలబడి చెంప నొప్పితో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. పంటి నొప్పి ఉన్నవాళ్లు చెంపను అదిమి పట్టుకుని వస్తారు. ఇంకో రకం మనుషులుంటారు, వాళ్లు చెయ్యి చెంప దగ్గరదాకా తెచ్చి అక్కడే ఆపేస్తారు, తాకరు. తాకితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ తాకని వాళ్ల గురించి.

ఈ తేడా నాకు నేర్పింది మా పెద్దమ్మ. బ్రాడీపేటలో ఉంటుంది, అప్పటికి ఆమెకు అరవై తొమ్మిది. ఒకరోజు పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే కుడి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టయిందట. క్షణంలో పోయింది. మళ్లీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కొట్టింది, పళ్లు తోముకుంటే కొట్టింది. మే నెలలో, గుంటూరు ఎండల్లో, గాలి మొహానికి తగులుతుందని ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుతూ కూర్చునేది. పెళ్లప్పటి నుంచి ఒక్కరోజు కూడా తీయని ముక్కుపుడకను మా అమ్మ చేత తీయించుకుంది. ఆ పుడక మర విప్పడానికి గంట పట్టింది, ఎందుకంటే అమ్మ వేలు తగిలిన ప్రతిసారీ పెద్దమ్మ ఒక్కసారి బిగుసుకుపోయి, కళ్లు మూసుకుని, "ఆగవే, ఆగు" అనేది. నేను పక్కనే ఉన్నాను. అప్పటికీ నాకు వెలగలేదు, పన్నే అనుకున్నాను.

పన్ను పీకించాం. తగ్గలేదు. పక్క పన్ను కూడా పీకించాం. అదీ తగ్గలేదు. పంటి డాక్టర్‌ని తప్పుపట్టను, నొప్పి నిజంగా పంట్లో ఉన్నట్టే ఉంటుంది, పెద్దమ్మే వేలు పెట్టి చూపించి మరీ తీయమని పట్టుబట్టింది. చివరికి న్యూరాలజిస్టు రెండు ప్రశ్నలు అడిగారు. ఎంతసేపు ఉంటుంది? తాకితే వస్తుందా? అంతే, పేరు చెప్పేశారు. ట్రైజెమినల్ న్యూరాల్జియా.

ట్రైజెమినల్ అంటే మెదడు నుంచి ముఖానికి వచ్చే అయిదో నరం, న్యూరాల్జియా అంటే నరం నొప్పి. నుదుటికి ఒక పాయ, చెంపకి ఒకటి, కింది దవడకి ఒకటి. ఎక్కువమందిలో జరిగేది ఏమిటంటే, మెదడు కాండం దగ్గర ఒక రక్తనాళం ఈ నరాన్ని ఒత్తుకుంటూ ఉంటుంది, ఆ ఒత్తిడికి నరం మీద ఉండే పొర అరుగుతుంది. వైరు తొడుగు ఊడితే ఏమవుతుందో మనందరికీ తెలిసిందే. యాభై దాటినవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి ఎక్కువ వస్తుంది. కొద్దిమందిలో గడ్డ వల్ల, లేదా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు వల్ల రావచ్చు, అందుకే ఎమ్మారై తీస్తారు.

మొదటి మందు కార్బమజెపిన్. చాలామందికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెద్దమ్మకీ పనిచేసింది, రెండేళ్లు. తర్వాత మోతాదు పెరిగింది, దానితో మత్తు, నడుస్తుంటే తూలిపోవడం, రక్తంలో సోడియం పడిపోవడం. అప్పుడు డాక్టర్లు రెండు దారులు చెప్పారు. పుర్రె తెరిచి నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న మెత్త పెట్టే ఆపరేషన్ ఒకటి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఎక్కువకాలం ఫలితం నిలిచేది అదే. కానీ పెద్దమ్మకి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. అందుకని రెండో దారి, గామా నైఫ్.

నైఫ్ అంటే కత్తి కదా, పెద్దమ్మ ఆ మాట విని రాత్రంతా నిద్రపోలేదు. అందులో కత్తి లేదండీ. కోత లేదు, కుట్టు లేదు. స్వీడన్‌కి చెందిన లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లో ఈ ఆలోచనను ప్రపంచం ముందు పెట్టారు, పుర్రె తెరవకుండా రేడియేషన్‌ను ఒక్క బిందువు మీదికి గురిపెట్టడం. ఆయన మొదట్లోనే ప్రయత్నించిన జబ్బుల్లో ఈ ముఖం నొప్పి ఒకటి. ఇప్పటి మెషీన్‌లో 192 సన్నని కిరణాలు తల చుట్టూ వేర్వేరు దిక్కుల నుంచి వస్తాయి. విడిగా ఒక్కో కిరణం బలహీనం, దారిలో మెదడుకి పెద్దగా హాని చేయదు. అన్నీ కలిసేచోట మాత్రం బలం ఉంటుంది. ఆ చోటు నాలుగు మిల్లీమీటర్లు, మినపగింజంత అనుకోండి. అక్కడ నరానికి సాధారణంగా 70 నుంచి 90 గ్రే దాకా ఒకే విడతలో ఇస్తారు, గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత.

తల కదలకూడదు కాబట్టి మత్తు సూదులు ఇచ్చి నాలుగు స్క్రూలతో ఒక చట్రం బిగించారు. "నాకు కిరీటం పెట్టారే" అంది పెద్దమ్మ. నొప్పి అంతా ఆ సూదుల దగ్గరేనట, లోపల పడుకున్నంతసేపూ ఏమీ తెలియలేదట. సంక్రాంతి వెళ్లిన వారానికి చేయించాం, మర్నాడు ఇంట్లో ఉంది.

ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా వినండి, ఇంతసేపు చెప్పిందంతా ఈ మాట కోసమే. అయిదో రోజున పెద్దమ్మ ఆ కార్బమజెపిన్ మాత్రలు మానేసింది. "రేడియేషన్ అయిపోయిందిగా, ఇంకెందుకు" అంది, ఇంట్లో ఎవ్వరం కాదనలేదు. డిశ్చార్జి కాగితంలో మందులు కొనసాగించమని రాసే ఉంది. మందుల చీటీలు చదవడమే పనిగా బతికే నేను ఆ కాగితం చదవలేదు, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. రెండు రోజులు తిరక్కుండానే నొప్పి విరుచుకుపడింది. లాడ్జి సెంటర్ దగ్గర ఆటోలో వెళ్తుంటే చీర కొంగు గాలికి చెంపకి తగిలింది, ఆటో ఆపించి రోడ్డు పక్కన కూలబడిపోయింది. ఇంటికొచ్చి, అంత డబ్బు పోశాం, దండగైపోయింది, ఇక నా రాత ఇంతే అని ఏడ్చింది.

దండగ కాలేదండీ. రేడియేషన్ పని మెల్లగా జరుగుతుంది. కిరణం తగిలిన నరం ఆ రోజే నిమ్మళించదు, మామూలుగా కొన్ని వారాలు పడుతుంది, కొందరికి నెలలు, ఆరు నెలల దాకా కూడా. ఈలోగా నొప్పిని కాసేది మాత్రే. కాబట్టి మాత్ర మానకండి. నొప్పి తగ్గినట్టనిపించినా మాత్ర మానకండి. డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తారు, మీ అంతట మీరు మాత్ర మానకండి. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ మందుతో అది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

పెద్దమ్మ మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. శివరాత్రికి షాకులు పలచబడ్డాయి. ఉగాది రోజు పచ్చడి తిని, వేప పువ్వు పంటికింద పడ్డా ఏమీ కాలేదని ఫోన్ చేసి చెప్పింది. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొన్నేళ్లకి నొప్పి తిరిగొస్తుంది, అప్పుడు మళ్లీ ఇవ్వడమో వేరే దారి చూడడమో ఉంటుంది. ఇంకొకటి, కొందరికి ముఖంలో ఆ పక్క తిమ్మిరి మిగులుతుంది. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత హడలిపోకుండా ఉంటారు.

పెద్దమ్మకి కుడి పెదవి మూల ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. కాఫీ చల్లారాక ఎడమ పక్క నుంచి తాగుతుంది. అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు, అందుకని మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని భోంచేస్తుంది. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా తన పెదవి మూల వేలు పెట్టి చూపిస్తుంది, పెద్దమ్మ తుడుచుకుంటుంది. ముక్కుపుడక ఇంకా పెట్టుకోలేదు, రంధ్రం పూడిపోయింది. మళ్లీ కుట్టించుకోవచ్చా అని మొన్న డాక్టర్‌ని అడిగింది. ఇంకో ఆరు నెలలు ఆగమన్నారు.

నమస్కారం.