ఆ కాగితాలు తిరిగి రాలేదు

(ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే డైట్ కళాశాలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకు, ఎదురుగా కూర్చున్న ఛాత్రోపాధ్యాయులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలే, మన్నించండి.

విద్యా పరిశోధనకూ తరగతి గదికీ సంబంధం గురించి మాట్లాడమన్నారు. నేను పరిశోధకురాలిని కాను. 1989లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి 31 ఏళ్లు చిన్న తరగతులకే చెప్పాను. మూడు విషయాలు రాసుకొచ్చాను. మొదటిది ఒక పిల్లాడి గురించి.

మూడో తరగతి. 42 లోంచి 17 తీసేయమంటే 35 అని వేశాడు. 63 లోంచి 28 తీసేస్తే 45. 50 లోంచి 26 తీసేస్తే 36. ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కులు పెట్టి, 'అప్పు తెచ్చుకోవడం రాదు' అని రాశాను. అలా ఎంతమంది పలకల మీద, ఎన్ని నోటు పుస్తకాల్లో రాశానో! ఒకరోజు వాన పడి బడికి పిల్లలు పెద్దగా రాలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలా చేశావో చెప్పు నాన్నా" అన్నాను. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలని మీరే చెప్పారు కదా టీచర్. ఏడు పెద్దది, రెండు చిన్నది. ఏడులోంచి రెండు పోతే ఐదు" అన్నాడు.

నిజమే. ఒకటో తరగతిలో నేనే చెప్పాను. ఆ మాటనే వాడు తు.చ. తప్పకుండా పాటించాడు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, ఏడు ఇవ్వమన్నాను. రెండు పుల్లలు ఇచ్చి ఆగిపోయాడు. కట్టల వంక చూశాడు, నా వంక చూశాడు. చాలాసేపటికి ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు మెల్లగా లాగాడు. నేను నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు.

రిటైరయ్యాక తెలిసింది నాకు. ఈ తప్పు గురించి అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే రాశారు. పిల్లలు తప్పు కూడా ఒక పద్ధతి ప్రకారమే చేస్తారని, ఆ పద్ధతి పట్టుకుంటే తప్పు ఎక్కడ పుట్టిందో దొరుకుతుందని విడమరచి చెప్పారు. 1978! నేను ఉద్యోగంలో చేరడానికి పదకొండేళ్ల ముందు. ఆ మాట నా దాకా ఎందుకు రాలేదు? శిక్షణలకు కొదవ లేదు. పిల్లల చదువు మెరుగుపరచడానికని క్లిప్ అన్నారు, క్లాప్స్ అన్నారు, నిరంతర సమగ్ర మూల్యాంకనమని సీసీఈ అన్నారు. ప్రతిదానికీ మాడ్యూలు అని ఒక శిక్షణ పుస్తకం, ప్రతిదానికీ రిజిస్టరు. రిజిస్టర్లు నింపాం. పక్కన కూర్చుని పిల్లాడి లెక్క చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట, ఇది రాసుకోలేదు గానీ చెప్పాలి. ఒక ఏడాది మా బడికి ఒక బృందం వచ్చింది. రెండు రోజులుండి పిల్లలకు పరీక్షలు పెట్టారు. కాగితాలు కట్టకట్టి తీసుకెళ్తూ, "ఫలితాలు పంపిస్తామమ్మా" అన్నారు. ఎదురుచూశాను. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో రెండుసార్లు అడిగాను. రాలేదు. అవి మా పిల్లలు రాసిన కాగితాలండీ. అందులో ఉన్నవి మా పిల్లల తప్పులు. అవి మాకు కావాలి!

అలాగని నివేదిక పంపిస్తే చాలనుకోకండి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేసి 2010లో ప్రచురించారు. కొన్ని బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో టీచర్లకు రాసిచ్చారు. అప్పుడప్పుడూ వచ్చి క్లాసు చూశారు. చూసేవాళ్లు ఉన్నప్పుడు టీచర్లు ఎక్కువ శ్రద్ధగా చెప్పారు. తర్వాత పరీక్ష పెడితే, నివేదికలు అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు.

మరి ఎక్కడ తేడా వచ్చింది? హర్యానాలో. 2012-13లో ప్రభుత్వ బడుల్లో రోజుకో గంట పిల్లల్ని తరగతుల వారీగా కాకుండా, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి అది. అంతకుముందు బీహార్, ఉత్తరాఖండ్ బడుల్లో శిక్షణ, సామగ్రి ఇచ్చినా రోజూ చెప్పే చదువులో పెద్ద మార్పు రాలేదు. హర్యానాలో పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. టైంటేబుల్లో ఆ గంట దానికోసమే కేటాయించారు. బడులకు సాయంగా వచ్చిన బ్లాకు (మన మండలం లాంటిది) సిబ్బంది ముందు తామే కొన్నాళ్లు పిల్లలకు ఆ పద్ధతిలో పాఠం చెప్పి చూశారు. ఇది గుర్తుపెట్టుకోండి. తాను చెప్పి చూసిన మనిషి వచ్చి టీచరు పక్కన నిలబడ్డాడు. ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ) వాళ్లెవరైనా ఇక్కడ ఉంటే చేతులెత్తి అడుగుతున్నాను. కొత్త మాడ్యూలు పంపేముందు దాన్ని రాసినవాళ్లు ఒక నెల ఏదైనా ఏకోపాధ్యాయ పాఠశాలలో చెప్పి చూడండి.

టైం అయిపోయిందని చీటీ పంపారు. మిగతా రెండు విషయాలు వదిలేస్తాను. ఈ సంచిలో నా బడి పిల్లల తీసివేత లెక్కల కాగితాలున్నాయి, పేర్లు కొట్టేశాను. భోజనాలకు లేచేముందు ఛాత్రోపాధ్యాయులు తలా ఒకటి తీసుకోండి. ఆ పిల్లాడు ఏమనుకుని అలా వేశాడో కింద రాయండి. సాయంత్రం వరకూ ఇక్కడే ఉంటాను. రాసింది తెచ్చి చూపించండి, కూర్చుని మాట్లాడుకుందాం.