హెచ్చరిక ఎవరి చెవిన పడింది?

అందరికీ నమస్కారం.

వాతావరణ మార్పు గురించి ఏ సభ జరిగినా "ఆడవాళ్లు ఎక్కువ నష్టపోతారు" అన్న మాట ఎవరో ఒకరు అంటారు. నిజమే. కానీ అక్కడితో ఆపేస్తే అదేదో వాళ్ల ఒంట్లో ఉన్న లోపంలా వినిపిస్తుంది. నాకు ఆ ధోరణితోనే పేచీ.

1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుపానులో సుమారు 1,40,000 మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల వయసు మగవాళ్లలో వెయ్యికి 15 మంది పోతే, అదే వయసు ఆడవాళ్లలో వెయ్యికి 71 మంది పోయారు. ముసలివాళ్లు కాదు, మంచి వయసులో ఉన్నవాళ్లు. కారణం? హెచ్చరికలు మగవాళ్లు కూడే చోట్ల తిరిగాయి, ఇళ్లలోకి ఆలస్యంగా వచ్చాయి. వచ్చినా, భర్త రాకుండా గడప ఎలా దాటాలన్న సందేహం. చంకలో పిల్లలు, కాళ్లకు చుట్టుకునే చీర. పోనీ షెల్టర్‌కు వెళ్దామంటే అక్కడ వాళ్లకు వేరే గది లేదు, మరుగుదొడ్డి లేదు. పరాయివాళ్ల మధ్య రాత్రి గడపడానికి జంకి ఇంట్లోనే ఉండిపోయారు. ఇందులో గాలివాన చేసిన తేడా ఏదో చెప్పండి!

మనుషులు పెట్టిన తేడా కాబట్టే మార్చడమూ కుదిరింది. ఆ దేశపు తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 76,000 మందికి పైగా వాలంటీర్లు ఉన్నారు. అందులో సగం మంది ఆడవాళ్లు. వంటింటి దాకా వెళ్లి "లేవండి, పదండి" అని చెప్పగలిగేది వాళ్లే. మరణాలు బాగా తగ్గడానికి మెరుగైన అంచనాలు, కొత్త షెల్టర్లు కూడా కారణమే, కాదనను.

ఎండ దెబ్బ ఇంత బాహాటంగా కనిపించదు. పేద, మధ్యాదాయ దేశాల పల్లెల్లో, మగవాళ్లు నడిపే కుటుంబాలతో పోలిస్తే ఆడవాళ్లు నడిపే కుటుంబాలు తీవ్రమైన వేడి వల్ల ఏటా 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో లెక్క తేల్చింది. పొలం కాగితం ఎవరి పేరున ఉంటే అప్పు, బీమా, పరిహారం వాళ్ల దగ్గరికే వెళ్తాయి. నాటు వేసి, కలుపు తీసిన మనిషి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. పంట పోతే ఆమెకు నష్టం జరిగినట్టే లెక్కకు రాదు.

మరి నిర్ణయాలు తీసుకునే చోట? 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలో స్త్రీల ఊసే లేదు. 2015 పారిస్ ఒప్పందం పీఠికలో లింగ సమానత్వం చేరింది. పీఠికలో చోటు సరే, కుర్చీ మాటేమిటి? 2024లో తమ రాజధాని బాకులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు నిర్వహణకు అజర్‌బైజాన్ మొదట 28 మందితో కమిటీ వేసింది. 28 మందీ మగవాళ్లే. విమర్శలు వచ్చాక 12 మంది మహిళలను చేర్చారు. అర్హులు దొరక్క కాదన్నమాట.

అదే ఏడాది ఏప్రిల్ 9న స్విట్జర్లాండ్‌లోని వృద్ధ మహిళల సంఘం యూరప్ మానవ హక్కుల కోర్టులో తమ ప్రభుత్వంపై గెలిచింది. వడగాడ్పులు తమ ప్రాణాల మీదికి తెస్తుంటే ప్రభుత్వం చాలినంత చేయడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. విడివిడిగా కేసు వేసిన నలుగురి వాదన కోర్టు స్వీకరించలేదు, సంఘం వాదనను ఒప్పుకుంది. రెండు నెలలకే స్విస్ పార్లమెంటు ఉభయ సభలు, చేస్తున్నది చాలు, కొత్తగా చేయాల్సిందేమీ లేదని తీర్మానించాయి. కోర్టు తీర్పు మాత్రం ఇంకా నిలిచే ఉంది.