చేతులు కొంకర్లు పోయినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మణికట్టు లోపలికి వంగి, వేళ్లు నిటారుగా బిగుసుకుని ఒకదానికొకటి దగ్గరగా చేరి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. ఆ మనిషి తన చేతిని తానే విప్పుకోలేక బెదిరిపోయి చూస్తూ ఉంటాడు. చేతులు కొంకర్లు పోయాయని మనం చెప్పుకునే ఈ స్థితిని వైద్యులు టెటనీ అంటారు. చుట్టూ ఉన్నవారు వెంటనే మూర్ఛ అని తీర్మానించి తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. ఇనుము మూర్ఛనే ఆపలేదు, ఇక టెటనీని ఏం ఆపుతుంది? పైగా టెటనీలో సాధారణంగా స్పృహ తప్పదు. అడిగినదానికి రోగి జవాబు చెబుతాడు. గాయంలో సూక్ష్మక్రిములు చేరి దవడలు బిగుసుకుపోయే ధనుర్వాతం వేరే జబ్బు, దాని టీకాతో దీనికి సంబంధం లేదు.

రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అందులో సుమారు నలభై శాతం ఆల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకుని ఉండగా, విడిగా తిరిగే దాదాపు సగం మాత్రమే నరాలను అదుపులో ఉంచుతుంది. అది తగ్గితే నరాలు కారణం లేకుండానే కండరాలను బిగింపజేస్తాయి. అంతకుముందే పెదవుల చుట్టూ, వేలికొనల్లో చీమలు పాకినట్లు తిమ్మిరి మొదలవుతుంది.

ఆందోళనలో గబగబా ఊపిరి తీసేవారిలోనూ ఇదే జరుగుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోవడం వల్ల రక్తంలో క్షారగుణం పెరిగి, విడిగా ఉన్న కాల్షియం మరికొంత ఆల్బుమిన్‌ను అంటుకుంటుంది. మొత్తం కాల్షియం మాత్రం మారదు. రిపోర్టులో ఏమీ లేదు కనుక నటిస్తోందని కోడలిని నిందించే ఇళ్లు ఉన్నాయి, అది అన్యాయం. పక్కన కూర్చుని, ఊపిరి నిదానంగా, దీర్ఘంగా వదిలేలా చూడాలి. ముఖానికి కాగితపు సంచి పెట్టే పాత పద్ధతి మంచిది కాదు, ఎందుకంటే ఆయాసానికి కారణం ఆస్తమా గానీ గుండెజబ్బు గానీ అయితే ప్రమాదం.

థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ గ్రంథి వెనుక సాధారణంగా నాలుగుండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే, మొదటి రెండు మూడు రోజుల్లోనే కాల్షియం పడిపోవచ్చు. కాల్షియం తగ్గినవారి చేతిని గట్టిగా నొక్కి ఉంచితే అది కొంకర్లు పోవడాన్ని 1861లో ఫ్రెంచి వైద్యుడు ట్రూసో వర్ణించారు; నేటికీ వైద్యులు బీపీ పట్టీని పై బీపీ కంటే ఎక్కువగా బిగించి మూడు నిమిషాలు ఉంచి ఈ పరీక్ష చేస్తారు. డి విటమిన్ లోపం, మూత్రపిండాల జబ్బు కూడా కారణాలే. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడేవారిలో, అతిగా మద్యం తాగేవారిలో మెగ్నీషియం తగ్గుతుంది; దాన్ని సరిచేయనిదే కాల్షియం ఎంత ఇచ్చినా నిలవదు.

గొంతు బిగుసుకుని ఊపిరిలో ఈల వంటి శబ్దం వచ్చినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో కాల్షియం గ్లూకోనేట్‌ను, గుండె లయను గమనిస్తూ, నెమ్మదిగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. వేగంగా ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు. బలానికని ఊళ్లో కాల్షియం ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రాత్రిపూట పిక్క పట్టేయడం సాధారణంగా టెటనీ కాదు. మోకాలు చాచి పాదం వేళ్లను మీ వైపుకు లాగి పట్టుకుంటే కాసేపటికి సడలుతుంది. ఎండలో పనిచేసి చెమటతో ఉప్పు పోగొట్టుకున్నవారికి ఓఆర్‌ఎస్ మేలు చేస్తుంది.

డాక్టరు కాల్షియం మాత్రలు రాస్తే వాటిని సొంతంగా మానకండి. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఈ రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రను మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.