ఆమె చెప్పిన నొప్పి నిజమే

వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఎక్కువసేపు కూర్చోలేనివాళ్లు లేచి నిలబడండి, అటూ ఇటూ తిరగండి. నేనేమీ అనుకోను.

నాకిచ్చిన అంశం, దీర్ఘకాలిక నొప్పికి సూదితో చేసే చికిత్సలు. ఏ చికిత్స ఎవరికి చేస్తారో వరసగా చెప్పాలనే వచ్చాను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో సర్దుకోకముందే ఒక మాట అంటారు. "డాక్టర్ గారూ, నిజంగానే నొప్పండీ, నటించట్లేదు." ముందు ఆ మాట సంగతి తేల్చాలి.

నొప్పి ఉందని ఒట్టేసి చెప్పుకోవాల్సిన గతి మనిషికి ఎందుకు పట్టాలి? స్కాన్‌లో ఏమీ లేదని ఒక డాక్టరు పంపించేస్తాడు. "పొద్దున బాగానే తిరిగావు కదా" అంటారు ఇంట్లోవాళ్లు. ఆఫీసులో సెలవు అడిగితే ముఖం అదోలా పెడతారు. కొన్నాళ్లకి ఆ మనిషికే అనుమానం మొదలవుతుంది, ఇదంతా నా భ్రమేనేమో అని. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

స్కాన్ సంగతి చెబుతాను. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్నెముక స్కాన్‌లు తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. డిస్కులు అరగడం 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి కనిపించింది. 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు. అంటే, స్కాన్‌లో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు, స్కాన్ బాగున్నంత మాత్రాన నొప్పి లేనట్టూ కాదు.

మూడు నెలలు దాటి ఉంటే, లేదా పోయి పోయి మళ్లీ వస్తుంటే, దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటు నుంచి వచ్చే కబురు ఉన్నదున్నట్టు మెదడుకి చేరదని, దారిలో వెన్నుపాము దగ్గరే దాన్ని తగ్గించే, పెంచే ఏర్పాటు ఉందని. వివరాలు ఆ తర్వాత చాలా మారాయి కానీ ఈ మూలం నిలిచింది. నిద్ర, దిగులు, టెన్షన్, వీటన్నిటి ప్రభావం నొప్పి మీద పడుతుంది. పడినంత మాత్రాన నొప్పి కల్పితం అయిపోదు.

ఇప్పుడు సూది దగ్గరికొస్తాను. అందరూ సూది అంటే నొప్పి తగ్గించేదే అనుకుంటారు. మొదటి సూది చాలాసార్లు తెలుసుకోవడానికి వేసేది. నడుములో డిస్కు ఉంది, వెనక చిన్న కీళ్లున్నాయి, కింద తుంటి దగ్గర ఇంకో కీలుంది, చుట్టూ కండరాలున్నాయి. ఒక్కో ఫ్యూజ్ తీసి ఏ లైటు ఆరిందో చూసినట్టు, ఒక్కో నరానికి మత్తుమందు ఇచ్చి చూస్తాం.

ఒకావిడ గురించి చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పే ఆవిడ. బోర్డు పై భాగంలో రాయాలంటే నడుం కొంచెం వెనక్కి వాలాలి కదా, అక్కడ పట్టేసేది. స్కాన్‌లో వయసుకి తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదు. భర్త మంచివాడే, కానీ నమ్మకం సన్నగిల్లింది. ఆమెను బోర్లా పడుకోబెట్టి, ఎక్స్-రే తెర మీద చూస్తూ, వెన్నుపూస పక్కకి చాచిన ఎముకకీ కీలుకీ మధ్య ఉన్న గాడిలోకి సన్నటి సూది దించాను. ఒక్కో నరానికి అర మిల్లీలీటరు మందు, అంతే. కాసేపయ్యాక గోడ దగ్గర నిలబెట్టి, "బోర్డు మీద రాసినట్టు చెయ్యి పైకెత్తండమ్మా" అన్నాను. ఎత్తింది. వెనక్కి వాలింది. మళ్లీ వాలింది. వెనక్కి తిరిగి భర్తతో, "చూశారా?" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ మందు ప్రభావం కొన్ని గంటలకి పోతుందని ఆమెకు తెలుసు. తన మాట నిజమని తేలింది, అదే చాలనిపించింది ఆ క్షణానికి.

అయితే ఒక్కటి గట్టిగా పట్టుకోండి. సూది వేశాక నొప్పి తగ్గకపోతే ఆ మనిషి అబద్ధం ఆడినట్టు కాదు. నొప్పి వేరే చోటు నుంచి వస్తోందని, అంతే. అలాగే ఒక్కసారి తగ్గినంత మాత్రాన తేల్చేయకూడదు. సూది పడిందన్న ధైర్యానికే కొందరికి తగ్గుతుంది, అందుకే పరీక్ష రెండోసారి కూడా చేస్తాం.

రెండుసార్లూ తగ్గితే అప్పుడు రేడియో ఫ్రీక్వెన్సీ. అంటే సూది మొనను దాదాపు 80 డిగ్రీలకు వేడిచేసి, ఒకటి ఒకటిన్నర నిమిషం అలాగే ఉంచుతాం, నొప్పి కబురు మోసే ఆ చిన్న నరం ఆ వేడికి పనిచేయడం ఆగిపోతుంది. అంతకుముందే చిన్న కరెంటు ఇచ్చి కాలు ఎగరట్లేదని చూసుకుంటాం, కాలిని కదిపే నరం జోలికి పోకూడదు కాబట్టి. ఉపశమనం చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉండొచ్చు. నరం మళ్లీ పెరుగుతుంది, నొప్పీ తిరిగి రావచ్చు. అప్పుడు మళ్లీ చేయొచ్చు.

డిస్కు నరాన్ని నొక్కి కాలిలోకి లాగేవాళ్లకి వెన్నులో స్టెరాయిడ్ వేస్తాం. కొన్ని వారాలు ఊరట దొరుకుతుంది. షుగరు ఉన్నవాళ్లకి కొన్ని రోజులు పెరుగుతుంది, చూసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు. క్లోమం క్యాన్సర్‌లో కడుపు వెనకున్న నరాల గుంపుకి ఆల్కహాల్ వేస్తాం, దానితో మార్ఫిన్ మోతాదు తగ్గించుకోగలిగినవాళ్లున్నారు. ముఖంలో షాక్ కొట్టినట్టుండే నొప్పికి ముందు మాత్రలే, అవి సరిపోనప్పుడే సూది. వెన్నుపాముకి కరెంటు ఇచ్చే పరికరం 1967లో తొలిసారి ఒక మనిషికి అమర్చారు. దాని గురించి విడిగా ఇంకో సభ పెట్టాలి.

నా వృత్తివాళ్లకి నచ్చని సంగతీ చెప్పాలి. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం, క్యాన్సర్ కాని దీర్ఘకాలిక వెన్ను నొప్పికి ఈ సూదుల్లో చాలావాటిని చేయొద్దని గట్టిగా చెప్పింది. నొప్పి వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు. సరైన మనిషిని ఎంచుకుని, సరిగ్గా చేస్తే లాభం ఉందన్నాయి. నా అభిప్రాయం కూడా అదే. కానీ పరీక్ష సూది లేకుండా, చేయి వేసి చూడకుండా, స్కాన్ చూసి ప్యాకేజీ చెప్పేవాళ్లుంటే, ఆ మార్గదర్శకం వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. అలాంటి చోట నుంచి లేచి వచ్చేయండి. "నాకు నొప్పి ఎక్కడి నుంచి వస్తోందని మీరనుకుంటున్నారు? ఎలా తెలుసుకుంటారు?" అని అడిగే హక్కు మీకుంది. కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా మాత్రం సూది కోసం ఎదురుచూడొద్దు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఊరట దొరికిన ఆ నెలల్లో మంచం మీదే ఉంటే సూది వృథా. నడవాలి, వ్యాయామం చేయాలి, భయంతో మానేసిన పనులు కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఆ టీచరమ్మ చేసింది అదే.

పక్కన వచ్చినవాళ్లకి ఒక పని. పరీక్ష సూది పడ్డ రోజు ఒక కాగితం తీసుకుని, అరగంటకోసారి అడిగి, పదికి ఎంత నొప్పో రాయండి. వంగితే ఎలా ఉంది, నడిస్తే ఎలా ఉంది, వాళ్ల మాటల్లోనే రాయండి, మీ మాట కలపొద్దు. నొప్పి మళ్లీ ఏ టైముకి మొదలైందో అది కూడా రాయాలి. మత్తు ఉన్నంతసేపూ ఆగి, అది దిగాక వచ్చిందా, మధ్యలోనే వచ్చిందా అన్నది చూశాకే తర్వాతి సూది వేయాలో వద్దో మేం నిర్ణయిస్తాం.