లాభం ఉంది, జీతాలకు డబ్బు లేదు

వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన కామర్స్ శాఖ అధ్యాపకులకు, ముందు వరుసల్లో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులకు, చోటు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చింది అరగంట. అందరికీ కలిపి ఈ ఒక్క నమస్కారంతో విషయంలోకి వస్తాను.

ఆహ్వాన పత్రికలో నా అంశాన్ని "ఆర్థిక అకౌంటింగ్: ప్రాథమిక భావనలు, సూత్రాలు, సంప్రదాయాలు" అని వేశారు. పరీక్షలో వీటిమీద ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. పిల్లలు నిర్వచనాలు బట్టీపట్టి రాసేస్తారు. సరే, పుస్తకంలో ఉన్న వరుసలోనే మొదలుపెడతాను.

మొదట వ్యాపార అస్తిత్వ భావన. యజమాని వేరు, వ్యాపారం వేరు. యజమాని పెట్టిన మూలధనం వ్యాపారం అతనికి బాకీపడ్డ సొమ్ము, అందుకే అది అప్పుల వైపు కనిపిస్తుంది. ఇంటి అవసరానికి వ్యాపారం డబ్బు తీస్తే అది వ్యాపారపు ఖర్చు కాదు, సొంత వాడకం. ఈ గీత గీసుకున్నాకే ద్వంద్వ రూపం అర్థమవుతుంది. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలు, ఆస్తుల మొత్తం ఎప్పుడూ అప్పులు, మూలధనాల మొత్తానికి సమానం. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ అనే సన్యాసి ఈ పద్ధతిని వివరించాడు. ఆయన కనిపెట్టాడని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని అందరికీ అందేలా చెప్పాడు. అది చిన్న పనేం కాదు.

డబ్బుతో కొలవగలిగినవే రాయాలన్న ద్రవ్య కొలమానం, ఆస్తిని కొన్న ధరకే రాయాలన్న వ్యయ భావన మీకు తెలిసినవే, త్వరగా దాటుతాను. వ్యాపారం ఆగకుండా సాగుతుందనుకునే నిరంతర వ్యాపార భావన దగ్గర మాత్రం ఒక్క మాట. యంత్రాన్ని ఇవాళ అమ్మితే వచ్చే ధరకు పుస్తకాల్లో ఎందుకు రాయం? అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి. వ్యాపారం నిజంగా కొనసాగుతుందా లేదా అని యాజమాన్యం ఏటా తేల్చుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం లెక్కల ముగింపు తేదీ నుంచి కనీసం పన్నెండు నెలల ముందుచూపు ఉండాలి.

ఇక అక్రూయల్ భావన. డబ్బు చేతికొచ్చిన రోజున కాదు, ఆదాయం సంపాదించిన రోజునే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఖర్చయినా అంతే, చెల్లించినా చెల్లించకపోయినా. నిర్వచనం రెండు వాక్యాలతో అయిపోయింది. నేను మాత్రం ఇక్కడినుంచి ముందుకు పోలేను. ఈ భావన అర్థంకాకపోవడం వల్ల ఒక మంచి మనిషి దొంగ అనిపించుకున్నాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తయారీ సంస్థ లెక్కల విభాగంలో ఉండేవాణ్ణి. సంస్థ పేరు అక్కర్లేదు. అక్కడి పెద్దగుమస్తా గారే నాకు పని నేర్పారు. అంకణా, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టీ, కుదరకపోతే భోజనానికి లేచేవారు కాదు. ఒక సంవత్సరం ముగిసింది. అంతకుముందెన్నడూ రానంత లాభం వచ్చిందని యాజమాన్యం నోటీసు బోర్డులో పెట్టింది. మరుసటి నెల జీతాలు రాలేదు. ఆపై నెల సగమే వచ్చాయి. కార్మికులు అడిగారు, "లాభం వచ్చిందని మీరే రాశారు కదా, ఆ డబ్బు ఏమైంది?" అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు యాజమాన్యం చెప్పాలి. చెప్పలేదు. డబ్బు పెట్టె తాళాలు ఎవరి దగ్గరుంటాయి? పెద్దగుమస్తా గారి దగ్గర. ఇంకేముంది, "మీరెంత మిగుల్చుకున్నారండీ?" అని ముఖంమీదే అడిగారు.

డబ్బు ఎక్కడికీ పోలేదు. అసలు రానేలేదు. ఆరు లక్షలు పెట్టి సరుకు తయారుచేశారనుకోండి. సంవత్సరం చివరి నెలలో పది లక్షలకు అరువు మీద అమ్మారు. పుస్తకాల్లో నాలుగు లక్షల లాభం. అది అబద్ధం కాదు. సరుకు చేతులు మారింది, కొన్నవాడు బాకీపడ్డాడు. కానీ పెట్టెలో చూస్తే? పైసా రాలేదు సరికదా, ఆరు లక్షలు బయటికి పోయాయి. అక్కడ జరిగింది ఇదే, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దగా.

ఒక్క నిమిషం. లాభమంటే చేతికొచ్చిన డబ్బే అని ఇప్పటిదాకా అనుకున్నవాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు. చూడండి, సగం హాలు. కామర్స్ చదివే పిల్లల్లోనే ఇంతమంది ఉంటే, యంత్రాల దగ్గర నిలబడ్డ కార్మికుణ్ణి ఏమనగలం?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. పెద్దగుమస్తా గారు ముందే హెచ్చరించారు. ఇద్దరు పెద్ద పంపిణీదారుల బాకీ పాతబడిపోతోందనీ, సంశయాత్మక బాకీలకు ఏర్పాటు చేయాలనీ, అంటే వస్తాయో రావో తెలియని బాకీల కోసం లాభంలోంచి కొంత పక్కన పెట్టాలనీ కాగితం మీద రాసి ఇచ్చారు. మితవాద సంప్రదాయం చెప్పేది అదే. రాబోయే నష్టానికి ముందే చోటివ్వాలి, చేతికందని లాభాన్ని లెక్కపెట్టకూడదు. ఏర్పాటు చేస్తే లాభం తగ్గుతుంది, బ్యాంకు అప్పు రాదు అని యాజమాన్యం ఒప్పుకోలేదు. అదే ఏడాది తరుగుదలను, అంటే యంత్రం అరిగేకొద్దీ ఏటా ఖర్చుగా రాసే మొత్తాన్ని, మొదటి ఏళ్లలో ఎక్కువగా పడే తగ్గుతున్న నిల్వల పద్ధతి నుంచి ఏటా ఒకేలా పడే స్థిర వాయిదాల పద్ధతికి మార్చారు. కొత్త యంత్రాలు కాబట్టి ఆ ఏటి తరుగుదల తగ్గింది, లాభం మరికొంత పెరిగింది. పద్ధతి మార్చడం నేరం కాదు. సరైన కారణం ఉండాలి, మార్చామని చెప్పాలి, దానివల్ల లాభం ఎంత మారిందో చూపాలి. ఏటా ఒకే పద్ధతి వాడాలన్న అనుగుణ్యత, దాచకుండా చెప్పాలన్న పూర్తి వెల్లడి అనే సంప్రదాయాలు ఇందుకే ఉన్నాయి. "చిన్న విషయం, నోట్‌లో వేయక్కర్లేదు" అన్నారు. ముఖ్యమైనవి చూపితే చాలన్న విషయ ప్రాధాన్యతను ఇలా అడ్డం పెట్టుకోవడం నేను ఆ తర్వాత కూడా చాలాచోట్ల చూశాను. చదివేవాడి నిర్ణయాన్ని మార్చగలిగేది ఏదైనా ముఖ్యమైనదే. అది చిన్నదో పెద్దదో దాచాలనుకునేవాడు తేల్చకూడదు.

తర్వాత ఆడిటర్లు చూశారు. పెద్దగుమస్తా గారి నగదు పుస్తకం పైసాతో సహా సరిపోయింది. అప్పటికే ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. తప్పు మాట అన్నామని ఎవరూ ఆయన ఇంటికి వెళ్లి చెప్పలేదు. ఆ ఇద్దరు పంపిణీదారుల్లో ఒకరి బాకీ చివరికి రానే లేదు. ఆయన దొంగ కాదు. ఈ మాట నాలుగు మైకుల ముందు చెప్పాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. ఇవాళ చెప్పాను.

ప్రపంచంలో పెద్ద పెద్ద సంస్థలు కూలినప్పుడు కూడా తెగిపోయినవి ఈ ప్రాథమిక భావనలే. 2002లో అమెరికాలో వరల్డ్‌కామ్ అనే టెలిఫోన్ సంస్థ సంగతి బయటపడింది. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టిన సొమ్ము ఆ ఏటి ఖర్చు. దాన్ని ఆస్తిగా రాసుకున్నారు. ఆదాయానికి దాన్ని సంపాదించడానికయిన ఖర్చును అదే కాలంలో జతపరచాలన్న చిన్న సూత్రమే అక్కడ తెగింది. మొదట ప్రకటించిన లెక్కే సుమారు 380 కోట్ల డాలర్లు. పట్టుకున్నది అంతర్గత ఆడిట్ అధిపతి సింథియా కూపర్, ఆమె బృందం. పైవాళ్లు తవ్వొద్దన్నా తవ్వారు. అమ్మాయిలూ, ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

మితవాదం గురించి ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీన్ని కూడా తలకిందులు చేసేవాళ్లున్నారు. బాగా గడిచిన ఏడాది అక్కర్లేని ఏర్పాట్లు చేసి లాభాన్ని దాచిపెట్టడం, చెడ్డ ఏడాది దాన్ని బయటికి తీసి మెరుగ్గా కనిపించడం. అది జాగ్రత్త కాదు. ఈ భయంతోనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు 2010లో, ప్రమాణాలకు పునాది అయిన తన భావనాత్మక చట్రం నుంచి 'జాగ్రత్త' (ప్రుడెన్స్) అన్న మాటే తీసేసింది. విమర్శలొచ్చాక 2018లో మళ్లీ చేర్చింది. అయితే అనిశ్చితి ఉన్నప్పుడు జాగ్రత్తగా అంచనా వేయడమే దీని అర్థమనీ, ఆస్తులను కావాలని తగ్గించి చూపడానికి ఇది అనుమతి కాదనీ స్పష్టంగా రాసింది. నా దృష్టిలో తీసేయడమే తొందరపాటు.

అధ్యాపక మిత్రులకు ఒక మనవి. అక్రూయల్ భావన చెప్పిన రోజే నగదు ప్రవాహ నివేదిక కూడా చూపించండి. చివరి సంవత్సరం దాకా ఆగవద్దు. ఆ నివేదిక లాభంతో మొదలై తరుగుదలను కలుపుతుంది, రుణగ్రస్తులు, అంటే మనకు బాకీపడ్డవాళ్లు, పెరిగితే తీసివేస్తుంది, సరుకు నిల్వ పెరిగితే తీసివేస్తుంది, చివరికి పెట్టె దగ్గరికి తీసుకొస్తుంది. "ఆ డబ్బు ఏమైంది" అన్న కార్మికుడి ప్రశ్నకు జవాబు వరుసగా ఆ పేజీలోనే ఉంటుంది. అమెరికాలో దీన్ని 1987లో తప్పనిసరి చేశారు. పెద్దగుమస్తా గారి చేతిలో ఆ రోజు అలాంటి పేజీ ఒకటి ఉండి, దాన్ని నోటీసు బోర్డులో లాభం పక్కనే అంటించి ఉంటే!

మిగిలిన భావనలకు సమయం లేదు, పుస్తకంలో చదువుకోండి. ప్రిన్సిపాల్ గారు దయతో ఒప్పుకున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పి దిగుతాను. వచ్చే వారం నుంచి శనివారం సాయంత్రాలు నేను ఈ కళాశాల గ్రంథాలయంలో ఉంటాను. ఏ సంస్థలో పనిచేసేవారైనా తమ సంస్థ వార్షిక లెక్కలు తెచ్చుకుంటే కూర్చుని చదివి చెబుతాను. విద్యార్థులు కూడా రండి, రెండో వారం నుంచి చదివి చెప్పాల్సింది మీరే. తెచ్చేవాళ్లు లాభనష్టాల ఖాతా ఒక్కటే తేవద్దు. ఆస్తి అప్పుల పట్టీ, నగదు ప్రవాహ నివేదిక, వెనక చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్, అన్నీ తీసుకురండి. మేం నోట్స్‌తోనే మొదలుపెడతాం.